తొమ్మిదిన్నర కాలెట్

పైఅంతస్తు, కిటికీ గది

అక్కకి,

నీ తుంటికి వేసిన ప్లేటు ఎలా ఉంది? మంచం దిగొద్దన్న డాక్టర్ని నువ్వు నానా మాటలూ అన్నావని అన్నయ్య చెప్పాడు. ఆయన ఇంకా నీకు వైద్యం చేస్తున్నాడంటే మంచివాడే అయ్యుంటాడు.

ఫోను చెయ్యడం లేదని కోప్పడకు. నా ఎడమ చెవి సంగతి నీకు తెలిసిందే. ఈ మధ్య కుడిది కూడా మొరాయిస్తోంది. కళ్లజోళ్ల కోసం కొట్టుకి వచ్చినవాళ్లు నాతో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని వెళ్తున్నారు. నీకైతే కాగితమే నయం. నువ్వు ఎంత అరిచినా చిరగదు.

అసలు విషయం. నేను లేత్ కొన్నాను, కడ్డీని గిర్రున తిప్పుతూ చెక్కే మిషను. నవ్వకు. పంపుల ఫ్యాక్టరీలో నువ్వు నడిపిన ఏనుగు లాంటిది కాదు, కుట్టుమిషన్ పట్టేంత చోటు చాలు దానికి. పళ్ల సెట్లు కట్టే ముసలాయన దుకాణం ఎత్తేస్తూ నాకు అమ్మాడు. కళ్లజోళ్ల మరలూ కీళ్లూ సొంతంగా చేసుకుంటానని ఇంట్లో చెప్పాను గానీ, నిజానికి సరదా. చిన్నప్పుడు నీ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఇత్తడి రజను వాసన పీల్చేవాణ్ణి, గుర్తుందా.

నిన్న మధ్యాహ్నం మాత్రం చావు తప్పింది. పొడుగాటి ఇత్తడి కడ్డీని చక్ దవడల మధ్య బిగించాను. మిగిలిన పొడుగంతా, తిరిగే స్పిండిల్ గొట్టంలోంచి వెనక్కి బయటికి వచ్చి ఉంది. ఉంటే ఉందిలే అనుకుని స్పీడు పూర్తిగా పెంచాను. ఆ వెనక ముక్క ఒక్కసారిగా వంకర తిరిగి గదంతా బాదడం మొదలుపెట్టింది. కిటికీ అద్దం పగిలింది. కర్టెన్ చుట్టుకుని చిరిగిపోయింది. బల్ల అంచు చెక్క లేచిపోయింది. నేను నేల మీద బోర్లా పడుకుని, వైరు పట్టుకుని ప్లగ్గు లాగేశాను. దాని దారికి ఒక్క అడుగు ఇవతల ఉంది నా తల.

ఇంతకీ అడగాలనుకున్నది ఇది. దీంతోపాటు మూడు దవడల చక్ ఒకటి వచ్చింది. ముసలాయన పోతూ పోతూ, సన్న పనికి ఇది పనికిరాదు, కాలెట్లు కొనుక్కో అన్నాడు. ఆ కాలెట్లేమిటో, ఏవి కొనాలో, ఎలా బిగించాలో రాయి. కొవ్వొత్తుల స్టాండు ఒకటి చేద్దామని ఉంది.

నీ మరదలు మొన్న మెట్ల మీద జారి పడింది. కంటికి దెబ్బ తగిలింది, కట్టు కట్టారు. మిగతా అంతా మామూలే. కింది వాటాలో అన్నయ్య బాగానే ఉన్నాడు.

నీ చిన్నోడు

*

మంచం మీంచి, దిండ్లకి ఆనుకుని

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం చదివి లేచి వచ్చి నీ చెంప పగలగొడదామనుకున్నాను. నా తుంటి నిన్ను కాపాడింది. వెనక బయటికి వచ్చిన కడ్డీతో లేత్ తిప్పుతావా? మా షాపులో ఒక ఫిట్టర్‌కి అలాగే మోచెయ్యి రెండు ముక్కలైంది. ఎముక చొక్కాలోంచి బయటికి వచ్చింది. నేనే పట్టుకుని కూర్చున్నాను, అంబులెన్స్ వచ్చేదాకా. ఇంకోసారి ఇలాంటి వెధవ పని చేస్తే నాకు చెప్పకు, చచ్చాక తెలుస్తుంది ఎలాగూ.

ఇప్పుడు చెవులు పెట్టుకుని చదువు. చెవులు లేకపోతే కళ్లు పెట్టుకుని చదువు.

మూడు దవడల చక్ అంటే పని త్వరగా అవుతుంది. ఒక కీ తిప్పితే మూడూ కలిసి మూసుకుంటాయి, ఏది దొరికితే అది పట్టేస్తుంది. కానీ సరిగ్గా మధ్యలో ఎప్పుడూ పట్టదు, పట్టిన చోట గాట్లు పడతాయి. నాలుగు దవడలదైతే ఒక్కో దవడనీ విడిగా తిప్పుకోవాలి. ఓపిక కావాలి, అది మన ఇంట్లో ఎవరికీ లేదు. కాలెట్ అంటే నిలువునా చీలికలు పెట్టిన ఉక్కు గొట్టం. దాన్ని స్పిండిల్ నోట్లో పెట్టి, వెనకనుంచి పొడుగాటి బోల్టుతో లోపలికి లాగితే చీలికలన్నీ దగ్గరకి వచ్చి కడ్డీని చుట్టూతా ఒకే బిగువున పట్టుకుంటాయి. మచ్చ పడదు, ఊగదు.

దాంతో ఒకటే గొడవ. ఒక్కో కాలెట్‌కి ఒకటే సైజు. పది అని రాసుంటే పదే. తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల కడ్డీని పదిలో పెట్టావో, పెదవి దగ్గర పట్టుకుని లోపల వదిలేస్తుంది. కడ్డీ తల ఊపుతుంది. నువ్వేమో తిన్నగా కోస్తున్నాననుకుంటావు, అది ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా తెగుతుంది. ఈ మాట పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించుకో.

కాలెట్ పెట్టాలంటే ముందు చక్ విప్పి తియ్యాలి. విప్పేటప్పుడు కింద చెక్క పెట్టు. చూడ్డానికి చిన్నదే గానీ ఉత్త ఇనుప ముద్ద అది, జారితే కాలి వేళ్లు నుజ్జవుతాయి. ఇంకొకటి. చక్ కీ చక్‌లో ఉన్నంతసేపూ నీ చెయ్యి దాని మీంచి తియ్యకు. కీ వదిలేసి స్విచ్ వేశావంటే అది ఎగిరి నీ మొహంలోకే వస్తుంది.

మరదలు మెట్ల మీద పడిందా? నీ ఎడమ చెవి కూడా మెట్ల మీంచి పడే పోయిందని అమ్మ ఊరంతా చెప్పుకొచ్చింది. చిన్నప్పుడు మీ అన్న, ఆ పెద్దోడు, నిన్ను లాగి కొట్టినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. నీ చెవిలోంచి నెత్తురు నా జడ మీద పడింది. ఆ మెట్ల కథ నాకు చెప్పకు. ఏం జరిగిందో రాయి.

అక్క

*

పైఅంతస్తు, కిటికీ గది

అక్కా,

సరే. మెట్లే, కానీ జారిపడలేదు.

తను లాండ్రీలో పనికి వెళ్లే ముందు తడి దుప్పటి మెట్ల పిట్టగోడ మీద ఆరేసింది. దాని నీళ్లు కింద కూర్చున్న అన్నయ్య పేపరు మీద పడ్డాయి. అంతే. వాడు పైకి వచ్చాడు. జుట్టు పట్టుకుని కిందకి ఈడ్చుకెళ్లి ఆమె తలని మెట్ల మొదట్లో ఉన్న గుండ్రటి స్తంభానికేసి కొట్టాడు. ఒకసారి కొట్టి ఆగాడట, చూశాడట, మళ్లీ కొట్టాడట, తనే చెప్పింది. ఆ ఆగడమే నేను మరిచిపోలేకుండా ఉన్నాను. కోపంలో ఉన్నవాడు ఆగి చూడడు కదా.

తాగి కొట్టేవాడైతే తాగుడు మీదకి నెట్టెయ్యొచ్చు. వీడు మంచినీళ్లు తాగి కొడతాడు. కొట్టి తన వాటాలోకి వెళ్లి, చేతులు కడుక్కుని, మళ్లీ పేపరు చదువుకున్నాడు. సాయంత్రం యాపిల్ పళ్లు పట్టుకొచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు.

ఆ కన్ను ఇక రాదని చెప్పారు. ఊళ్లో అందరి కళ్లకీ అద్దాలు పెట్టేవాణ్ణి నేను. తను నన్నొక్కటే అడిగింది, "ఒక్క కంటికి కళ్లజోడు ఎలా చేస్తారండీ?" అని.

వాడు కొడుతున్నప్పుడు నేను ఈ గదిలోనే ఉన్నాను. లేత్ నడుస్తోంది. ఉన్న ఒక్క చెవికీ ఏమీ వినబడలేదు. తను పిలిచిందట.

నువ్వు చెప్పినట్టే కాలెట్లు కొన్నాను. ఆరు, ఎనిమిది, పన్నెండు దొరికాయి. ఇప్పుడు ఒక సందేహం. నా దగ్గర తొమ్మిదిన్నర మందం ఉక్కు కడ్డీ ఉంది, మోచేతంత పొడుగు. బలమైన ఉక్కు. ఒక కొస సన్నగా, మొన తేలేలా చెక్కాలి. ఇంకో కొసకి మర కోసి ఇత్తడి పిడిలో బిగించాలి. తర్వాత ఆ కడ్డీ పట్టేలా ఒక చేతికర్రకి నిలువునా రంధ్రం వెయ్యాలి. తొమ్మిదిన్నర కాలెట్ ఎక్కడా దొరకడం లేదు. మూడు దవడల చక్‌లో పెడితే మర వంకర వస్తోంది. ఏం చెయ్యను? కొవ్వొత్తుల స్టాండు కోసమే.

చిన్నోడు

*

మంచం మీంచే

చిన్నోడా,

కొవ్వొత్తుల స్టాండుకి చేతికర్ర ఎందుకురా?

నేను ముప్పయ్యేళ్లు పని చేసింది టూల్‌రూమ్‌లో. మనిషి ఏ సైజు అడుగుతున్నాడో వింటే ఏం చేస్తున్నాడో నాకు తెలుస్తుంది. కర్రలో దాక్కునే కడ్డీ, దానికో మొన, లాగడానికో పిడి. దాన్ని ఏమంటారో నువ్వు రాయలేదు, నేనూ రాయను. అది ఎవరి పొట్ట కోసమో మాత్రం నాకు తెలుసు.

ఆపు. ఇప్పుడే ఆపు. కడ్డీ తీసుకెళ్లి కాలవలో పారెయ్యి.

మరదలి సంగతి చదివి నేను అన్నం తినలేదు. పెద్దోడికి ఫోను చేశాను. నువ్వు మనిషివేనా అని అడిగాను. "అక్కా, మెట్ల మీద పడింది, నేనే పళ్లు తెచ్చిచ్చాను" అన్నాడు. వాడి గొంతు వింటే నిజంగా నమ్ముతున్నాడేమో అనిపించింది. వాణ్ణి బూతులు తిట్టాను. వాడు ఓపిగ్గా విన్నాడు. వాడు అలా విన్నాడంటే దానికి ఇంకెవరో దెబ్బలు తింటారని నాకు తెలుసు, అందుకే ఇంకోసారి చెయ్యను.

పోలీసుల దగ్గరికి వెళ్లు. వాళ్లు కాదంటే మరదల్ని తీసుకుని ఇల్లు వదిలేసి నా దగ్గరికి వచ్చెయ్యి. ఒకటే గది నాది, మీరు మంచం మీద పడుకోండి, నేను నేల మీద పడుకుంటాను. తుంటి పోతే పోయింది.

నాకు ఉన్నది ఇద్దరు తమ్ముళ్లు. ఇద్దర్నీ ఈ చంకనే మోశాను. వాడు రాక్షసుడని నాకు తెలుసు, నీకంటే ముందే తెలుసు. కానీ వాడు శవమై, నువ్వు హంతకుడివైతే నేను ఎవరికి అక్కని? చెప్పు.

అక్క

*

పైఅంతస్తు

అక్కా,

నువ్వు అనుకున్నదే చేస్తున్నాను. దాచినందుకు ఏమీ అనుకోకు.

పోలీసులు వచ్చారు. కింద వాటాలో కూర్చుని వాడి టీ తాగారు. మెట్లు చూశారు. స్తంభం చూశారు. ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోవాలని నాకు చెప్పి వెళ్లారు. నాకు సరిగ్గా వినబడదని గట్టిగా చెప్పారు, వీధంతా విన్నది.

వాళ్లు వెళ్లాక వాడు పైకి వచ్చాడు. తను కట్టు మార్చుకుంటోంది. గుమ్మంలో నిలబడి, "ఇంకోటి ఉందిగా" అన్నాడు. తను కన్ను మూసుకుంది, ఉన్న కన్ను. నాకు వినబడకపోయినా వాడి పెదాలు చదివాను. ఇన్నాళ్ల చెముడుకి నాకు మిగిలిన విద్య అదొక్కటే.

మీ ఇంటికి రమ్మన్నావు. తను రానంది. "నేనెందుకు పారిపోవాలి, ఏం తప్పు చేశానని?" అంది. లాండ్రీలో పనికి వెళ్లొస్తోంది, ఒక్క కంటితో ఇస్త్రీ చేస్తోంది. వాడు ఉన్నంతకాలం ఆ రెండో కన్ను వాడి దయ మీద ఉంటుంది. నేను ఉండనివ్వను.

వాడి బలం నీకు తెలుసు. క్రేన్ నడిపిన చేతులు. ఉత్త చేతులతో నేను వాడి ముందు నిలబడలేను. అందుకే కర్ర.

నువ్వు చెప్పకపోతే బజారులో మెకానిక్‌ని అడుగుతాను. ఆయన ఎందుకని కూడా అడగడు. చెబితే నీ దగ్గర నేర్చుకున్నట్టు ఉంటుంది. తొమ్మిదిన్నరకి ఏం చెయ్యను? అది చెప్పు, ఇంకేమీ రాయకు.

నీ తమ్ముడు

*

మంచం మీంచి

చిన్నోడా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నిన్ను ఆపే శక్తి నాకు లేదు. అడిగావు కాబట్టి చెబుతున్నాను.

తొమ్మిదిన్నర కాలెట్ కోసం తిరగకు. నా పది కాలెట్ పార్సిల్‌లో పంపుతున్నాను. నా సొంతది, రిటైరైనప్పుడు షాపువాళ్లు ఇచ్చినది. నీ పనికి అది సరిపోతుంది. వెనక బోల్టు గట్టిగా లాగి బిగించు, పట్టుకుంటుంది. కోసేటప్పుడు కొంచెం ఊగినట్టు అనిపిస్తుంది, దానికి కంగారు పడకు.

మర మొదలయ్యే చోట మెడ సన్నగా తియ్యి. ఎలాగూ ఇత్తడి పిడి లోపల దాగిపోతుంది, కనబడదు. మెడ మూల గుండ్రం చెయ్యనక్కర్లేదు, అలా పదునుగా వదిలెయ్యి.

ఎప్పుడు అనేది ముందుగా ఒక ముక్క రాయి. మరదల్ని ఆ పూట లాండ్రీలోనే ఉండమను.

వేళకి తిను. కళ్లకి అద్దాలు పెట్టుకుని పని చెయ్యి, ఇత్తడి రజను ఎగిరి పడుతుంది.

అక్క

*

పైఅంతస్తు

అక్కా,

పార్సిల్ అందింది. పని అయింది. పిడి బాగా కుదిరింది.

ఆదివారం మధ్యాహ్నం. వాడు భోంచేసి అరుగు మీద కూర్చునే వేళ. తనని లాండ్రీకి పంపిస్తాను.

నువ్వు ఈసారి ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. చదువుతుంటే ఎవరో పరాయివాళ్లు రాసినట్టుంది.

చిన్నోడు

*

ఆసుపత్రి, ఎముకల వార్డు, కిటికీ వైపు మంచం

అక్కా,

ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచెయ్యి విరిగింది, పక్కటెముకలు మూడు విరిగాయి, ముందుపళ్లు పోయాయి. చదవడం కష్టమైతే నీ ఖర్మ.

ఆదివారం కర్ర పట్టుకుని కిందకి దిగాను. వాడు అరుగు మీద గోళ్లు కత్తిరించుకుంటున్నాడు. నన్ను చూసి, "కర్ర పట్టావేంరా, ముసలాడివైపోయావా?" అన్నాడు, పెదాలు చదివాను. పిడి లాగాను. కడ్డీ బయటికి వచ్చింది. వాడి మొహంలో భయం చూశాను అక్కా. నా బతుకులో మొదటిసారి. పొట్ట కింద పెట్టి నా బరువంతా వేసి పొడిచాను.

వాడు పక్కకి తిరిగాడు, అంతే. మొన వాడి తోలు బెల్టుకి తగిలి ఆగింది, కడ్డీ మెడ దగ్గర పుటుక్కున విరిగింది. ఇత్తడి పిడి నా చేతిలో మిగిలింది. బెల్టు పక్కన వాడికి చిన్న గీత పడింది. గడ్డం గీసుకుంటే పడేపాటి గీత.

వాడు కింద పడిన ముక్క వంక చూశాడు, పిడి వంక చూశాడు. నవ్వాడు. తర్వాత నన్ను కొట్టాడు. మొదట చేత్తో, తర్వాత ఆ కర్రతోనే, కర్ర విరిగాక కాలితో. నా చెయ్యి మెట్టు మీద ఉంది. దాని మీద బూటు పెట్టి నిలబడ్డాడు. విరిగిన చప్పుడు నాకు వినబడలేదు, ఒళ్లంతటికీ తెలిసింది. జుట్టు పట్టుకుని నన్ను ఆ స్తంభం దగ్గరికి ఈడ్చాడు. అదే స్తంభం.

అప్పుడు పైమెట్టు మీద నీ మరదలు కనిపించింది. లాండ్రీకి వెళ్తున్నానంది, వెళ్లలేదు. కాలెట్ పెట్టడానికి నేను విప్పి బల్ల మీద పెట్టిన చక్ ఆమె చేతుల్లో ఉంది. పాపాయిని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని దిగి వచ్చింది. వాడు తల తిప్పేలోపు వాడి మోకాలి మీద దించింది. వాడు కూలబడ్డాడు. ఇంకోసారి ఎత్తింది. ఆ చేతికి ఇంకా బలం ఉంది అక్కా, వాడి తల అక్కడే ఉంది. ఆగింది, చూసింది. కొట్టకుండా పక్కన పెట్టింది. అప్పుడు వీధిలోకి వెళ్లి అరిచింది.

వాడి మోకాలి చిప్ప పొడైంది. ఇదే ఆసుపత్రిలో కింది వార్డులో ఉన్నాడు. ఆడదాని చేతిలో దెబ్బ తిన్నానని చెప్పుకోలేక, డాక్టర్లకి ఏం చెప్పాడో తెలుసా? మెట్ల మీంచి పడ్డానని.

ఇక నీ సంగతి. తను విరిగిన ముక్క తెచ్చి నాకు చూపించింది. మెడ దగ్గర ఒక పక్క మందంగా ఉంది, ఇంకో పక్క కాగితంలా ఉంది. నీ మొదటి ఉత్తరంలో మాట నా చేత్తోనే పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించాను. పది అని రాసుంటే పదే.

నన్ను చంపుదామనుకున్నావా అక్కా? వాడి ముందుకి ఉత్త పిడితో పంపించావు. వాడు నీకు తమ్ముడే, ఒప్పుకుంటాను. నేను ఎవర్ని?

*

మంచం మీంచి

చిన్నోడా,

అవును. తెలిసే తప్పు చెప్పాను. నా సర్వీసులో ఒక్క తప్పు కొలత ఇవ్వలేదు, ఎవడి చెయ్యీ నా వల్ల తెగలేదు. నీకు ఇచ్చాను. ఆ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఒక రోజంతా పట్టింది. తిడితే తిట్లతోపాటు నిజం కూడా బయటపడుతుందని తిట్టలేదు. నువ్వు కనిపెట్టావు, పరాయివాళ్లు రాసినట్టుందన్నావు. ఆ మాట చదివి భయపడి చచ్చాను.

బజారు మెకానిక్ దగ్గరికి వెళ్తానన్నావు. వాడైతే సరిగ్గా చేసి ఇచ్చేవాడు. అది విరిగేది కాదు. నువ్వు ఇప్పుడు జైల్లో ఉండేవాడివి, మరదలు ఒక్క కంటితో నీకు అన్నం క్యారేజీ మోసేది. పెద్దోణ్ణి హెచ్చరిద్దామా అంటే వాడు నిన్ను ముందే చంపేవాడు. ఎటు చూసినా దారి లేదు. మంచం దిగలేనిదాన్ని, నా చేతికి అందింది ఆ అర మిల్లీమీటరే.

నిన్ను వట్టి చేతులతో పంపలేదు. మరదలికి లాండ్రీ అడ్రసుకి వేరే ఉత్తరం రాశాను. ఆ కడ్డీ విరుగుతుందని చెప్పాను, ఆ పూట ఇంట్లోనే ఉండి, విరగగానే వీధిలోకి పరిగెత్తి జనాన్ని పిలవమన్నాను. ఆమె ముందు చక్ పట్టుకుంది, తర్వాత జనాన్ని పిలిచింది. ఆ వరస ఆమె సొంతం, నేను చెప్పలేదు. ఆమెని ఏమీ అడగకు.

నీ మూడు పక్కటెముకలూ, చెయ్యీ, పళ్లూ నా లెక్కలోవి. నువ్వు చచ్చిపోయినా పోయేవాడివి. అది తెలిసే రాశాను. నన్ను క్షమించమని అడగను, అడిగితే నువ్వు మెత్తబడి క్షమిస్తావు, అది నాకు అక్కర్లేదు.

పెద్దోడు ఆసుపత్రి నుంచి ఫోను చేశాడు. ఏడ్చాడు. "అక్కా, నన్ను తీసుకుపో" అన్నాడు. చిన్నప్పుడు వాడికి జ్వరం వస్తే అలాగే ఏడ్చేవాడు. మొత్తం విని పెట్టేశాను. తర్వాత నేనూ ఏడ్చాను.

మీరు లేత్‌తో సహా లాండ్రీ వెనక గదుల్లోకి మారారని మరదలు రాసింది. వాడి కాలు కట్టు విప్పుతారు, వాడు వస్తాడు. నీకూ తెలుసు.

పార్సిల్ పంపుతున్నాను. మా పాత షాపులో లేత్ మీద పనిచేసే టర్నర్ని బతిమాలి కొత్తగా చేయించాను. తొమ్మిదిన్నర కాలెట్. సరైనది. వేలు పెట్టి చూశాను, మైక్రోమీటరు పెట్టి కూడా చూశాను. ఈసారి నా మీద నమ్మకం పెట్టుకోకు, నువ్వూ కొలుచుకో. ఇప్పుడు నీ దగ్గర మంచి ఉక్కు ఉంది, దానికి తగ్గ కాలెట్ ఉంది. ఏం చేస్తావో నీ ఇష్టం. మెడ మూల గుండ్రంగా తియ్యి. పదునుగా వదిలితే అక్కడే విరుగుతుంది.

అక్క

*

లాండ్రీ వెనక గది, ఇస్త్రీ వాసన మధ్య

అక్కా,

కాలెట్ అందింది. కొలిచాను. తొమ్మిదిన్నరే.

చాలా రోజులు డబ్బాలోనే ఉంచాను. నీ మీద కోపం అలాగే ఉంది, ముందుపళ్లు లేక ఏదీ కొరకలేనప్పుడల్లా గుర్తొస్తుంది. ఇంకో సంగతి నీకు చెప్పలేదు. ఆ రోజు నీ పది కాలెట్ బిగిస్తూ గోడ మీద అక్షరాలు చూశాను. చదివాను. చదివే బిగించాను. అక్క చెప్పింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తిగా నిజం కాదు. ఎందుకు బిగించానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను, కానీ నిన్ను ఒక్కదాన్నే తప్పు పట్టడం న్యాయం కాదు.

తను ఒకరోజు ఆ విరిగిన ముక్క నా బల్ల మీద పెట్టింది. "దీనికి మొన తీసెయ్యండి, మన తలుపుకి లోపల గడియ లేదు" అంది.

మొన కోసేశాను. కడ్డీని తొమ్మిదిన్నర కాలెట్‌లో బిగించాను. ఊగలేదు. ఇటు పిడి కోసం మెడ తీసి, మూల గుండ్రం చేసి, మర కోశాను. తలుపుకి నాలుగు మరలతో పట్టీ కొట్టి గడియ బిగించాను. కుడిచెయ్యి ఇంకా సరిగ్గా తిరగదు, తను పట్టుకుంది.

వాడు నిన్న వచ్చాడు. చంకలో ఊతకర్రతో. వాడు తలుపు బాదుతుంటే నాకు వినబడలేదు, నేల అదిరితే తెలిసింది. తను నా పక్కనే నిలబడి గడియ మీద చెయ్యి పెట్టుకుంది. వాడు ఊతకర్రతో బాదాడు, తర్వాత భుజంతో. తలుపు చెక్క చీలింది. పై మడతబందు మరలు ఊడి వచ్చాయి. ఇంకో రెండు దెబ్బలు వేసి ఉంటే తలుపు నా మీద పడేది. బల్ల మీద చక్ ఉంది. నేను చూశాను, తనూ చూసింది. ఇద్దరం దాని జోలికి వెళ్లలేదు.

లాండ్రీ ఆడవాళ్లు ఇస్త్రీ పెట్టెలు పట్టుకుని బయటికి వచ్చారట. ఒకామె అరుస్తూ, ఇదేం గొడవ, ఆవిడ కంటికి ఏమైంది అసలు అని అడిగిందట. తను తలుపు లోపలినుంచే, నాకు కూడా వినబడేంత గట్టిగా, "మెట్లు కాదు. వీడే" అంది. ఇంతకాలంలో ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. ఆడవాళ్లు వాడి ఊతకర్ర లాక్కుని, వాణ్ణి నేల మీద కూర్చోబెట్టారు. పోలీసులు వచ్చారు. ఈసారి టీ ఇచ్చేవాళ్లు లేరు. తను వాళ్లతో మొత్తం చెప్పింది, మొదటి దెబ్బ దగ్గరనుంచి. మోకాలి సంగతి కూడా తనే చెప్పింది. రాసుకుని, వాణ్ణి బండి ఎక్కించి తీసుకెళ్లారు. అన్నయ్య బండిలోంచి నా వంక చూశాడు. తిట్టాడో, పిలిచాడో తెలియదు. పెదాలు చదవకుండా తల తిప్పుకున్నాను.

నీ పది కాలెట్ తిరిగి పంపుతున్నాను. షాపువాళ్లు నీకు ఇచ్చినది, నీ దగ్గరే ఉండాలి. తొమ్మిదిన్నర నేను ఉంచుకుంటాను.

తలుపు మార్చాలి. మడతబందులు కొత్తవి కొనాలి. గడియ తీసి చూశాను. వంగలేదు అక్కా.

నీ చిన్నోడు